వీధి నిండా సోలార్ ఉన్నా కరెంటు ఎందుకు పోతోంది?

నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గారు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. "మా వీధిలో ఈమధ్య చాలా ఇళ్ల మీద సోలార్ వచ్చింది. దానితో కరెంటు పోవడం తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. పైగా ఎండ బాగా కాసే మధ్యాహ్నం పూటే కొన్ని ఇళ్లలో ఇన్వర్టర్ ఆగిపోయి 'వోల్టేజీ ఎక్కువ' అని చూపిస్తోంది. గాలివాన వస్తే ఎప్పటిలాగే గంటల తరబడి చీకటి. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ మీద 40 కిలోవాట్లు పెడదామని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. సోలార్ వల్ల మా లైను బాగుపడుతుందా, ఇంకా పాడవుతుందా?"

కార్యదర్శి గారూ, నా ఉద్యోగమంతా పంపిణీ లైన్ల మీద, సబ్‌స్టేషన్లలో, ఎక్కువగా రిలే (దోషం రాగానే లైనును ఆపించే పరికరం) సెట్టింగుల పనిలోనే గడిచింది. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను. మీ వీధిలో కరెంటు పోవడానికి కారణం సోలార్ కాదు. పోకుండా ఆపేదీ సోలార్ కాదు. కరెంటు పోకుండా చూడాల్సింది లైను, పోయినప్పుడు మీ ఇంట్లో లైటు వెలిగించాల్సింది బ్యాటరీ. సోలార్ ఈ రెండింటికీ సాయపడగలదు గానీ వాటి స్థానంలో నిలబడలేదు. ఫేజులు (వీధిలో కరెంటు మోసే ఆర్, వై, బీ అనే మూడు తీగలు) చూసుకోకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటూ పోతే మాత్రం మధ్యాహ్నం వోల్టేజీ గొడవ వస్తుంది. మీ వీధిలో వచ్చింది అదే.

కప్పు మీద ఎండ కాస్తున్నా, లైన్లో కరెంటు పోగానే సోలార్ ఎందుకు ఆగిపోతుందో ముందు చూద్దాం. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి లైనుకు కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను వోల్టేజీని తయారు చేయదు. లైన్లో ఉన్న 50 హెర్ట్జ్ అలను చూసి, దాని వెంట నడుస్తుంది. లైను చచ్చిపోతే అది కూడా ఆగిపోవాలని నిబంధన. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో ఇచ్చిన నిబంధనల ప్రకారం వోల్టేజీ 80 శాతం కంటే తగ్గినా, 110 శాతం దాటినా 2 సెకన్లలోపు ఇన్వర్టర్ తప్పుకోవాలి. ఫ్రీక్వెన్సీ 47.5 కంటే తగ్గినా, 50.5కి చేరినా 0.2 సెకన్లలో తప్పుకోవాలి. సబ్‌స్టేషన్ నుంచి వేరుపడిన లైను ముక్కలో సోలార్ ఒక్కటే కరెంటు పంపుతూ ఉండిపోయే పరిస్థితిని ఐలాండింగ్ అంటారు. అదీ 2 సెకన్లకు మించి నిలవకూడదు. కరెంటు తిరిగొచ్చాక కూడా వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కనీసం 60 సెకన్లు నిలకడగా ఉంటేనే ఇన్వర్టర్ మళ్లీ కలవాలి. ఈ 60 సెకన్ల సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఇంత కఠినంగా ఎందుకంటే స్తంభం మీద మనిషి ఉంటాడు కాబట్టి. లైన్‌మన్ ఎల్సీ (లైను ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తెరిచి, పైకెక్కి జంపర్ (రెండు తీగలను కలిపే ముక్క) మీద చెయ్యి వేస్తాడు. అవతల ఏదో ఇంటి నుంచి వెనక్కి వచ్చిన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి ఎక్కితే 11 కేవీ వైపు 11 వేల వోల్టులే ఉంటాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏది లోపలికి, ఏది బయటికి అన్న తేడా ఉండదు. అందుకే లైను ఆఫ్ చేశాక కూడా టెస్ట్ చేసి, రెండు వైపులా ఎర్తింగ్ రాడ్లు తగిలించి గానీ పని మొదలుపెట్టకూడదని మా రోజుల్లో చెప్పేవాళ్లం, ఇప్పటికీ చెప్పాలి. నిజానికి నాకు భయమంతా సర్టిఫికెట్ ఉన్న ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ల గురించి కాదు. ఛేంజోవర్ స్విచ్ (లైను, జనరేటర్ రెండింటిలో ఒక్కదాన్నే కలపనిచ్చేది) లేకుండా మెయిన్ బోర్డులోకే కలిపేసిన జనరేటర్ల గురించి, బ్యాకప్ వైరును తెలిసీ తెలియక లైను వైపు కలిపిన హైబ్రిడ్ (బ్యాటరీతోనూ నడిచే) ఇన్వర్టర్ల గురించి. మీ వీధిలో అలాంటివి ఉంటే ముందు వాటిని సరిచేయించండి. మిగతా విషయాలన్నీ దాని తర్వాతే.

ఇక కరెంటు ఎక్కడ పోతోందో చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ఇంటికి కరెంటు పోయిందంటే చాలాసార్లు దోషం ఆ ఇంటి ట్రాన్స్‌ఫార్మర్‌కు పైనే, 11 కేవీ ఫీడర్లో, అంటే సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల దాకా వచ్చే లైన్లో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండ మండిపోయి, సాయంత్రం నాలుగు దాటాక ఒక్కసారిగా మబ్బు కమ్మి ఈదురుగాలి లేస్తుంది. వేప కొమ్మో, తురాయి కొమ్మో విరిగి లైను మీద పడుతుంది. ఫ్లెక్సీ గుడ్డ ఎగిరొచ్చి రెండు తీగలకు చుట్టుకుంటుంది. నెలల తరబడి దుమ్ము పట్టిన ఇన్సులేటర్ మీద తొలి చినుకులు పడగానే దాని మీదుగా మంట లేస్తుంది. సబ్‌స్టేషన్లో బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఆ సమయంలో మీ కప్పు మీద ఎండ ఎక్కడిది? మబ్బు కమ్మింది కాబట్టే గాలి వచ్చింది, గాలి వచ్చింది కాబట్టే కరెంటు పోయింది. అంటే లైను పడిపోయే గంటలూ, సోలార్ పనికిరాని గంటలూ చాలావరకు ఒకటే. ఏడాది మొత్తం మీద సగటు ఉత్పత్తి ఎంతో చూసి ఇంత సోలార్ ఉంది కదా అనుకుంటే, అసలు అవసరమైన వేళ లెక్క తప్పుతుంది. రెండో రకం దోషం రాత్రిది. పది, పదకొండు గంటలకు ఏసీలన్నీ ఒకేసారి నడుస్తుంటే ఎల్‌టీ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజీ లైను) ఫ్యూజ్ కాలిపోతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అప్పుడూ సూర్యుడు ఉండడు.

కరెంటు నమ్మకంగా ఉందా లేదా అని కొలవడానికి రెండు లెక్కలు వాడతాం. ఏడాదిలో ఒక వినియోగదారుడికి సగటున ఎన్నిసార్లు కరెంటు పోయిందో చెప్పేది సైఫీ. మొత్తం ఎంతసేపు పోయిందో చెప్పేది సైడీ. మూడు నిమిషాల కంటేనో, ఐదు నిమిషాల కంటేనో తక్కువ పోయినవాటిని వీటిలో కలపరు. ఆ హద్దు ఎంతో విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఒక ఫీడర్ తీసుకుని చూద్దాం. అంకెలు నేను లెక్క కోసం అనుకుంటున్నవే, ఏ ఫీడర్‌వీ కావు. ఫీడర్ మీద 1,200 కనెక్షన్లు, వరసగా నాలుగు ముక్కలు, ముక్కకు 300 ఇళ్లు. ఒక్కో ముక్కలో ఏడాదికి రెండు దోషాలు. ఒక్కోటి వెతికి బాగుచేయడానికి రెండు గంటలు. మధ్యలో స్విచ్చులేమీ లేకపోతే ఎక్కడ కొమ్మ పడినా 1,200 ఇళ్లకూ చీకటే. ఏడాదికి 8 సార్లు, 16 గంటలు.

ఇప్పుడు ముక్కకీ ముక్కకీ మధ్య ఒక ఏబీ స్విచ్ పెట్టాం. చివర్లో పక్క ఫీడర్‌తో కలిపే దారి పెట్టాం. దోషం ఉన్న ముక్కను విడదీసి మిగతా మూడింటికి అరగంటలో కరెంటు ఇస్తే, ఒక్కో ఇంటికి సొంత ముక్కలోని దోషాల వల్ల 4 గంటలు, మిగతా ఆరు దోషాల వల్ల 3 గంటలు, మొత్తం 7 గంటలు. పోవడం 8 సార్లే, పోయిన సమయం మాత్రం సగానికంటే తక్కువకు దిగింది. అవే స్విచ్చులు మనిషి వెళ్లనక్కర లేకుండా కంట్రోల్ రూం నుంచి రెండు నిమిషాల్లో పనిచేస్తే, అంత తక్కువసేపు పోయినవి కలపరు కాబట్టి 2 సార్లు, 4 గంటలు మాత్రమే లెక్కకొస్తాయి. ఈ మూడు సందర్భాల్లో ఎక్కడైనా సరే, 300 ఇళ్ల మీద బ్యాటరీ లేని సోలార్ కలిపి చూడండి. ఒక్క అంకె కూడా మారదు. సోలార్‌కు బ్యాటరీ జోడించిన వంద ఇళ్లకు చీకటి తగ్గుతుంది, అది నిజమే. కానీ ఫీడర్ అంకెల్లో అది కనిపించదు, ఎందుకంటే లెక్క మీ మీటరు దగ్గరకు కరెంటు వచ్చిందా లేదా అన్నదే. కాబట్టి ఏ ప్రాంతంలోనైనా సోలార్ వచ్చాక సైడీ తగ్గిందని ఎవరైనా చెబితే, అదే సమయంలో అక్కడ స్విచ్చులు పెట్టారా, చెట్లు కొట్టారా, ఏబీ కేబుల్ (తొడుగున్న తీగల కట్ట) వేశారా అని అడగండి.

హైటెక్ సిటీ వైపు భూగర్భ కేబుళ్ల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. కేబుల్‌కు దోషాలు తక్కువ వస్తాయి, వచ్చినప్పుడు వెతికి తవ్వి జాయింట్ వేయడానికి ఓవర్‌హెడ్ లైను కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. అందుకే అక్కడ రింగ్ మెయిన్ యూనిట్లు పెట్టి రెండు వైపుల నుంచీ సరఫరా వచ్చేలా కడతారు. నమ్మకం కేబుల్ వల్ల రాలేదు, రెండో దారి వల్ల వచ్చింది.

ఈ రెండో దారి దగ్గరే సోలార్ చేసే మేలూ ఉంది, దాచిపెట్టే ప్రమాదమూ ఉంది. మేలు ఏమిటంటే, మధ్యాహ్నం పూట దోషం వస్తే పక్క ఫీడర్ మన లోడు కూడా మోయాలి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ ఫీడర్‌కు సొంత లోడే నిండుగా ఉంటుంది. దాని మీద ఉన్న సోలార్ వల్ల ఆ భారం తగ్గితే మనల్ని మోసే చోటు దొరుకుతుంది.

ప్రమాదం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. ఇంజినీర్లలో కూడా దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. 11 కేవీ దగ్గర ఒక మెగావాట్ అంటే సుమారు 52 ఆంపియర్లు. ఒక ఫీడర్ మీద ఎండలో ఒక మెగావాట్ సోలార్ నడుస్తోందనుకుందాం. సబ్‌స్టేషన్లో ఆపరేటర్‌కు మీటరులో 130 ఆంపియర్లు కనిపిస్తుంది. అసలు లోడు 182. ఫీడర్ ట్రిప్ అయింది, దోషం తీశారు, తిరిగి ఛార్జ్ చేశారు, అంటే లైన్లోకి కరెంటు వదిలారు. సోలార్ ఇన్వర్టర్లు కనీసం 60 సెకన్లు ఆగి గానీ కలవవు. కొన్ని ఐదు నిమిషాల దాకా ఆగుతాయి. ఆలోపు ఫీడర్ మీద పడేది 182 ఆంపియర్లు. దానికి తోడు, ఇంతసేపూ ఆగి ఉన్న ఫ్రిజ్‌లు, ఏసీలు, బోరు మోటార్లు అన్నీ ఒకేసారి లేస్తాయి. 200 దాటుతుంది. రిలే సెట్టింగు, పక్క ఫీడర్ తీగ మందం 130 చూసి నిర్ణయించుకుని ఉంటే మళ్లీ ట్రిప్. ఈసారి దోషం లేకుండానే. ఆపరేటరేమో ఇంకా ఎక్కడో దోషం మిగిలి ఉందనుకుని లైను మొత్తం నడిచి చూసుకు రమ్మని మనుషుల్ని పంపిస్తాడు. గంట పోతుంది. సోలార్ పెరిగే ప్రతి ఫీడర్‌కు 'కనిపించే లోడు' ఎంత, 'అసలు లోడు' ఎంత అని రెండు అంకెలూ సబ్‌స్టేషన్ గోడ మీద రాసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. దీనికి ఖర్చేమీ లేదు. నెట్ మీటర్ దరఖాస్తుల్లో ఉన్న కిలోవాట్లను ఫీడర్ వారీగా కూడితే చాలు.

ఇప్పుడు మీ మధ్యాహ్నం వోల్టేజీకి వద్దాం. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేరు పలక మీద 11,000/433 అని ఉంటుంది. 433ని మూడు యొక్క వర్గమూలంతో (1.732) భాగిస్తే 250. అంటే లోడు ఏమీ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్కో ఫేజుకు 250 వోల్టులు. లోడు పడ్డాక, తీగల్లో కొంత పోయి, చివరి ఇంటికి 230 దగ్గరలో చేరాలని ఆ ఏర్పాటు. కరెంటు ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికే వెళ్తుందన్న నమ్మకంతో కట్టిన లెక్క అది. 230కి పది శాతం కలిపితే 253. ఇన్వర్టర్ తప్పుకోవాల్సిన గీత అది. 250కీ 253కీ మధ్య ఎంత జాగా ఉందో చూడండి.

ఇంటి నుంచి కరెంటు వెనక్కి వెళ్లాలంటే ఆ ఇంటి దగ్గర వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కంటే ఎక్కువ ఉండాలి. 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ పూర్తిగా నడిస్తే దాదాపు 22 ఆంపియర్లు. సర్వీస్ వైరు, ఎల్‌టీ తీగ రానూ పోనూ కలిపి 0.3 ఓమ్ ఉందనుకుంటే 6.5 వోల్టులు పెరుగుతుంది. ఇది ఒక్క ఇంటి లెక్క. అదే ఫేజు మీద వీధి చివర మూడు నాలుగు ఇళ్లు ఉంటే, ఒకరు పెంచిన దాని మీద ఇంకొకరు పెంచుతారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 240 ఉన్నా చివర్లో 255 వస్తుంది. అన్నిటికంటే చివరి ఇల్లు ముందు ట్రిప్ అవుతుంది. అది ఆగగానే వోల్టేజీ తగ్గుతుంది, పక్కవాళ్లవి నడుస్తూనే ఉంటాయి. డబ్బు అందరూ ఒకేలా పెట్టారు, నష్టం మాత్రం చివరి ఇంటాయనకు. ఆయన ఇన్వర్టర్ కంపెనీని తిడతాడు. ఇన్వర్టర్ తన పని సరిగానే చేస్తోంది.

దీనికి తోడు వేసవి ట్యాప్ ఒకటి. రాత్రి ఏసీల లోడుకు వోల్టేజీ పడిపోతోందని ఫిర్యాదులు వస్తే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఒక మెట్టు, అంటే 2.5 శాతం పెంచుతారు. ఆ ట్యాప్ కరెంటు ఆఫ్ చేసి చేత్తో మార్చేది. రాత్రికి పెంచి పొద్దున తగ్గించడం కుదరదు. రాత్రి పదింటికి మేలు చేసిన ఆ ఆరు వోల్టులే మధ్యాహ్నం ఒంటిగంటకు ఇన్వర్టర్లను ఆపుతాయి.

ప్రగతినగర్ వైపు ఒక వీధిలో ఇలాంటి ఫిర్యాదే వస్తే, ఎండ నడినెత్తిన ఉండగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర క్లాంప్ మీటర్ పెట్టి చూశాం. ఆర్ ఫేజులో కరెంటు వెనక్కి వస్తోంది. వై, బీ ఫేజుల్లో ముందుకు వెళ్తోంది. న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగలో, ఏ ఫేజులోనూ లేనంత కరెంటు. సోలార్ పెట్టిన ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద ఉన్నాయి. వరస ఇళ్లకు సర్వీసులు ఇచ్చేటప్పుడు స్తంభం మీద చేతికి అందిన తీగకే కలుపుకుంటూ పోయారు. లోడు మాత్రమే ఉన్న రోజుల్లో అది పెద్దగా బయటపడలేదు. కొన్ని ఇళ్లను మిగతా రెండు ఫేజులకు మార్చాం, న్యూట్రల్ జాయింట్లు కొత్తగా బిగించాం. అంతే, వోల్టేజీ దారికొచ్చింది. అదే పవర్‌ను మూడు ఫేజుల్లో సమానంగా పంపితే న్యూట్రల్‌లో కరెంటు ఉండదు, ఫేజు తీగలో మూడో వంతే ఉంటుంది. న్యూట్రల్, ఫేజు తీగలు ఒకే మందం అయితే వోల్టేజీ పెరుగుదల ఆరో వంతుకు పడిపోతుంది. తీగ మార్చకుండా, ట్రాన్స్‌ఫార్మర్ మార్చకుండా దొరికే ఇంత లాభం ఇంకెక్కడా లేదు. న్యూట్రల్ విషయంలో ఇంకో మాట. అంత కరెంటు మోస్తున్న న్యూట్రల్ ఎక్కడైనా ఊడిపోతే, లోడు తక్కువ ఉన్న ఫేజు మీద వోల్టేజీ 300 దాటి పోతుంది. టీవీలు, ఫ్రిజ్ బోర్డులు కాలిపోయేది అప్పుడే.

ఈ ఫేజుల తనిఖీ ఇప్పుడు మరీ ముఖ్యం, ఎందుకంటే 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు వచ్చిన సవరణ ప్రకారం 10 కిలోవాట్ల దాకా కప్పు సోలార్ దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అవసరం లేదు. ఆ వెసులుబాటు మంచిదే, దరఖాస్తులు నెలల తరబడి ఆగేవి. కానీ ఆ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో ముందుగా చూసే మనిషి కూడా లేకుండా పోయాడు. అదే నెలలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ వస్తుంది. మన వీధుల్లో ఒకేసారి ఇన్ని ప్యానెళ్లు లేవడానికి అదీ ఒక కారణం.

కొందరు ఇన్‌స్టాలర్లు ఈ సమస్యకు చూపే దారి ఇన్వర్టర్ సెట్టింగుల్లోకి వెళ్లి 253ను ఇంకా పైకి జరపడం. దయచేసి ఒప్పుకోకండి. ఇన్వర్టర్ ఆగదు, నిజమే. ఆ ఎక్కువ వోల్టేజీ మీ ఇంట్లోని ప్రతి బల్బుకూ, పక్కింటి ఫ్రిజ్‌కూ వెళ్తుంది. వోల్టేజీ పెరిగే కొద్దీ పవర్‌ను మెల్లగా తగ్గించుకునే సౌకర్యం ఇప్పటి ఇన్వర్టర్లలో చాలావాటికి ఉంది. ట్రిప్ అయ్యి పూర్తిగా ఆగిపోయే బదులు కొద్దిగా తగ్గి నడుస్తుంది. దాన్ని ఆన్ చేయించండి.

సెట్టింగులు చిన్న విషయం కాదనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో ఒక ట్రాన్స్‌మిషన్ లైను మీద పిడుగు పడింది. అలాంటివి అక్కడా మామూలే. కానీ ఆ కుదుపుకు పంపిణీ లైన్లకు కలిసి ఉన్న చిన్న చిన్న ఉత్పత్తి యూనిట్లు వందల మెగావాట్ల మేర ఒక్కసారిగా తప్పుకున్నాయి. సెట్టింగులు అంత సున్నితంగా పెట్టి ఉన్నాయి. దానితోపాటు ఒక సముద్రపు గాలిమరల కేంద్రం, ఒక గ్యాస్ కేంద్రం కూడా ఆగడంతో పది లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. మీ కప్పు మీది 3 కిలోవాట్లు దేశపు గ్రిడ్‌కు లెక్కలోకి రావు. ఒకే సెట్టింగుతో లక్షల కప్పులు ఉంటే వస్తాయి. అందుకే అమెరికా ప్రమాణం ఐఈఈఈ 1547లో 2003 నాటి 'కుదుపు రాగానే తప్పుకో' అన్న ధోరణి 2018కి 'కాసేపు తట్టుకుని నిలబడు' అన్నదానికి మారింది. మనమూ అటే వెళ్లాలి.

ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుందా అన్న భయం కూడా మీ ప్రశ్న వెనక ఉండొచ్చు. కరెంటు వెనక్కి వెళ్లడం వల్ల ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమీ కాదు. ఎటు వెళ్లినా దాని సామర్థ్యం ఒకటే. మీ వీధికి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, మధ్యాహ్నం 45 కిలోవాట్లు వెనక్కి వెళ్తే అది సగం లోడు కూడా కాదు. పైగా పగటి లోడు తగ్గడం దాని ప్రాణానికి మంచిది. చుట్టల లోపలి కాగితం ఇన్సులేషన్ బాగా వేడెక్కినచోట ప్రతి 6 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు తరిగే వేగం రెట్టింపవుతుంది. రోహిణీ కార్తె ఎండలో పగలంతా ఉడికి, చల్లారకుండానే రాత్రి ఏసీల లోడు మోసే ట్రాన్స్‌ఫార్మర్ కంటే, పగలు సోలార్ పుణ్యమా అని కాస్త చల్లగా ఉండి రాత్రిలోకి వెళ్లే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువకాలం బతుకుతుంది. నూనె వేడెక్కడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఆ చల్లదనం రాత్రి తొలి గంటలకు పనికొస్తుంది. పదకొండింటి పీక్‌ను మాత్రం తగ్గించదు. అలాగే ఇన్వర్టర్లు షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు తమ మామూలు కరెంటు కంటే కొంచెమే ఎక్కువ ఇస్తాయి. జనరేటర్‌లా ఐదారు రెట్లు కుమ్మరించవు. కాబట్టి మీ వీధి ఫ్యూజులు, బ్రేకర్లు సోలార్ వల్ల దెబ్బతింటాయన్న టెన్షన్ అక్కర్లేదు.

మరి 40 కిలోవాట్లు పెట్టాలా? పెట్టండి. మూడు ఫేజుల ఇన్వర్టరే తీసుకోండి. పీఎం సూర్య ఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18 వేల చొప్పున రాయితీ ఉంది. 40 కిలోవాట్లకు 7 లక్షల 20 వేలు. కప్పు మీద దాదాపు 4,000 చదరపు అడుగులు నీడ లేని చోటు కావాలి. వాటర్ ట్యాంకు, లిఫ్టు గది నీడ ఎటు పడుతుందో డిసెంబరు ఎండకు చూసుకోండి. హైదరాబాద్‌లో కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వేసుకుంటే 160 యూనిట్లు. ఇది బిల్లు తగ్గించే పని. దీన్ని కరెంటు కోతకు మందుగా సభ్యులకు చెప్పి ఒప్పించకండి. తొలి గాలివానకే మిమ్మల్ని నిలదీస్తారు.

కరెంటు కోతకు వేరే లెక్క వేయండి. మెట్ల లైట్లు, సీసీ కెమెరాలు, లిఫ్టు, నీళ్ల మోటారు. వీటిని మిగతా లోడు నుంచి విడదీసి ఒక చిన్న ప్యానెల్ బోర్డు మీదకు తెచ్చుకోవడం మొదటి పని. ఇది చేయకుండా బ్యాటరీ కొంటే డబ్బు దండగ. రెండు గంటల కోతకు లైట్లకు రెండు యూనిట్లు, లిఫ్టుకు రెండు, మోటారు అరగంట నడిస్తే మరో రెండు, మొత్తం ఆరు. 10 యూనిట్ల లిథియం బ్యాటరీ దీనికి సరిపోతుంది. చిక్కు యూనిట్లలో లేదు, మోటారు స్టార్టింగులో ఉంది. 5 హెచ్‌పీ మోటారు నేరుగా స్టార్ట్ చేస్తే క్షణకాలం ఐదారు రెట్లు, అంటే ఫేజుకు 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. 10 కేవీఏ ఇన్వర్టర్ ఫేజుకు 14 ఆంపియర్లే ఇవ్వగలదు. మోటారుకు వీఎఫ్‌డీ (మోటారును మెల్లగా లేపే డ్రైవ్) పెట్టించండి, లేదా కోత సమయంలో మోటారు నడవకుండా చూసుకుని పై ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి. ఇప్పటి లిఫ్టుల్లో డ్రైవ్ ఉంటుంది కాబట్టి వాటితో ఈ బాధ తక్కువ.

మీకు డీజిల్ జనరేటర్ ఉండే ఉంటుంది. అది నడుస్తున్నప్పుడు ఇన్వర్టర్‌కు దాని వోల్టేజీ కనిపిస్తుంది, గ్రిడ్ వచ్చిందనుకుని సోలార్ కలిసిపోతుంది. మధ్యాహ్నం లోడు 15 కిలోవాట్లు ఉండి సోలార్ 30 ఇస్తే మిగిలింది జనరేటర్‌లోకి తోసుకొస్తుంది. ఇంజను వేగం పెరుగుతుంది, వోల్టేజీ ఎగిరిపడుతుంది. జనరేటర్‌కు ఎప్పుడూ కనీసం 30 శాతం లోడు మిగిలేలా సోలార్‌ను తగ్గించే కంట్రోలర్ ఒకటి దొరుకుతుంది. అది వద్దనుకుంటే జనరేటర్ నడిచినప్పుడు సోలార్‌ను పూర్తిగా విడదీసే ఇంటర్‌లాక్ అయినా ఉండాలి. కొటేషన్‌లో ఈ రెండింటిలో ఏదీ లేకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి.

వీధి కోసం మాత్రం సంఘం తరఫున విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి ఒక కాగితం రాయండి. నోటి మాటగా వద్దు. ముందుగా మీరే ఒక వారం పాటు మధ్యాహ్నం పన్నెండున్నరకు, రాత్రి పదిన్నరకు వీధి మొదటి ఇంట్లో, మధ్య ఇంట్లో, చివరి ఇంట్లో వోల్టేజీ రాసుకోండి. ఇన్వర్టర్ ఆప్‌లో ఆ అంకె ఉంటుంది, విడిగా మీటరు కూడా అక్కర్లేదు. ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో స్తంభం దగ్గర లైన్‌మన్ గారితో చూపించుకుని పక్కన రాయండి. ఆ పట్టిక జతచేసి మూడు అడగండి: సోలార్ ఇళ్లను మూడు ఫేజులకు పంచడం, న్యూట్రల్ జాయింట్లు బిగించి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ కొలవడం, మీ ఫీడర్ మీద మార్చిలోపు చెట్ల కొమ్మలు కొట్టించడం. నాలుగోది కూడా అడగొచ్చు, కాస్త పెద్ద పని: మీ ఫీడర్‌కు పక్క ఫీడర్‌తో కలిసే దారి ఉందా, ఉంటే ఆ స్విచ్ పనిచేసే స్థితిలో ఉందా అని. ఏళ్ల తరబడి ఎవరూ కదపక తుప్పుపట్టి బిగుసుకుపోయిన ఏబీ స్విచ్చులు చాలా చూశాను. ఒక ఆదివారం పొద్దున లోడు తక్కువ ఉన్నప్పుడు దాన్ని ఒకసారి తెరిచి మూయించండి.